మావయ్య కట్టిన ఫీజు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఆయనకు బజారులో కిరాణా కొట్టు. బాబు పదో తరగతి దాకా ఇక్కడే ఒడియా మీడియంలో చదివాడు. తర్వాత విశాఖలో ఉండే మా అన్నయ్య ఫీజు, హాస్టల్ ఖర్చు తనే పెట్టుకుని ఇంటర్‌లో చేర్పించాడు. డాక్టరైతే తన కూతురినే ఇస్తానని నలుగురిలో అన్నాడు కూడా. నీట్‌లో ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్‌లో వేశాం. సెలవులకు వచ్చినప్పటి నుంచి నిద్రపోవడం లేదు. ముచ్చటపడి కొనుక్కున్న బ్యాటు, వాచీ పక్కింటి పిల్లాడికి ఇచ్చేశాడు. మొన్న ‘నేను లేకపోతే మావయ్యకి ఖర్చయినా తప్పేది’ అన్నాడు. హైదరాబాద్‌లో మంచి కాలేజీకి మారిస్తే కుదురుకుంటాడా? డాక్టరుకు చూపిస్తే మా అమ్మాయి పెళ్లికి అడ్డవుతుందని మావారి భయం.

జవాబు: అమ్మా, కాలేజీ మాట ఇక ఎత్తకండి. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నిద్ర లేకపోవడం, తను లేకపోతే ఖర్చు తప్పేదనడం, ఈ మూడూ కలిసి కనిపిస్తుంటే దాన్ని చదువు టెన్షన్ అని సరిపెట్టుకోకూడదు. ఇవాళే పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా కాదు, అడిగేవాళ్లు ఒకరున్నారని పిల్లలకు ఊపిరి వస్తుంది. అవునంటే ఒట్లు వేయించుకోకండి, చెల్లెలి పెళ్లి గుర్తు చేయకండి. చెప్పినంతా వినండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మాత్రలు, కొట్టులో పురుగుల మందులు ఉంటే తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మీ అబ్బాయికి ఏ భాషలో ఏడుపు వస్తుందో ఆ భాషలో మాట్లాడనివ్వండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది మీ అన్నయ్య. చెల్లెలి కొడుకును చదివించడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు, ఆయన మనసు మంచిదే అయి ఉంటుంది. కానీ ఫీజు కట్టి, దానికి పిల్లను కూడా జతచేసి, అందరి ముందూ ఆ మాట అనేశారు. ఆ రోజు మీకు ఎంత సంబరంగా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను. పుట్టింట్లో మీ మాటకు విలువ పెరిగింది. అయితే ఆ విలువంతా ఎవరి ర్యాంకు మీద నిలబడిందో ఒక్కసారి చూసుకోండి. పరీక్ష పోతే చదువు ఒక్కటే పోవాలి. వీడికి మావయ్య డబ్బు, మరదలి సంబంధం, అమ్మ పరువు కూడా పోతున్నట్టుంది. పదిహేడు పద్దెనిమిదేళ్ల వాడు మోయాల్సిన బరువు కాదిది.

దానికి తోడు ఒంటరితనం. ఒడియా మీడియం నుంచి వెళ్లినవాడు విశాఖ హాస్టల్లో ఎలా నెగ్గుకొచ్చాడు, ఎవరైనా ఎగతాళి చేశారా, స్నేహితుడంటూ ఒకడున్నాడా? మీరు ఒక్క ముక్క రాయలేదు. ర్యాంకు మాత్రం రాశారు.

2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని నేర రికార్డుల బ్యూరో లెక్క. పేపర్లలో ‘ఫెయిలైనందుకు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు కానీ, వెనక్కి వెళ్లి చూస్తే కుంగుబాటు, నిద్రలేమి, హాస్టల్లో వేధింపు, ఇంట్లో పోలికలు, అప్పు ఇలా చాలా ఉంటాయి. విశాఖలోనే నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీరు కాలేజీని అడగాల్సింది ఉంటే అది అడగండి, అదీ వాడు మళ్లీ వెళ్తానంటేనే.

అన్నయ్యకు మీరే ఫోన్ చేయండి, బాబుతో చేయించకండి. ‘నీ డబ్బు మేం మెల్లగా తీర్చుకుంటాం, పెళ్లి మాట ఇక వద్దు’ అనండి. ఆయన నొచ్చుకుంటారు, వదిన నాలుగు మాటలంటుంది. అనిపించుకోండి. నెలకు వెయ్యి పంపినా సరే, తీర్చడం మొదలుపెట్టండి. అన్నదమ్ముల దగ్గర తీసుకున్నదైనా బాకీ బాకీయే, అది పెద్దవాళ్లు తీర్చాలి. ఆ తర్వాత, పక్కన ఎవరూ లేనప్పుడు, ఆ మాట బాబుకు చెప్పండి. వాడు డిగ్రీ చదువుతానంటే చదవనివ్వండి, ఆర్నెల్లు ఖాళీగా ఉంటానన్నా ఉండనివ్వండి.

అమ్మాయి పెళ్లి గురించి: జ్వరానికి డాక్టరు దగ్గరకు వెళ్తే ఏ సంబంధమూ తప్పిపోలేదు కదా. మీకు బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మానసిక వైద్య విభాగంలో చూపించండి. ఈ వారంలోనే వెళ్లండి, ‘అవును’ అంటే రేపటిదాకా కూడా ఆగకుండా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీవారిని కూడా బయల్దేరదీయండి. ఆ రోజుకి కొట్టు మూసేయమనండి.