ప్లేస్కూల్ మాట తర్వాత, ముందు మీ ఆయన సంగతి చూడండి

ప్రశ్న: మా బాబుకి 20 నెలలు. అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతాడు. ఒక్కోసారి గుక్కపట్టి నీలంగా అయిపోతాడు. ఏడుపు మొదలవగానే అత్తయ్య ఫోన్ ఇచ్చేస్తారు. వద్దంటే ‘పిల్లాణ్ని ఏడిపించి చంపుతావా’ అంటారు. మా ఆయన పట్టించుకోరు. ప్లేస్కూల్లో వేస్తే దారికొస్తాడా?

జవాబు: రాడు. ఆ మాట వదిలేయండి.

ముందు గుక్క సంగతి. పిల్లల డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి. ఒంట్లో ఐరన్ తక్కువైన పిల్లల్లో ఇది ఎక్కువ. గుక్కపట్టినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కుదపొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. మామూలుగా నిమిషంలోపే ఊపిరి తీసుకుంటాడు. నిమిషం దాటినా, ఫిట్స్‌లా కొట్టుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక దొర్లడం. అది మొండితనం కాదమ్మా. కోపాన్ని అదుపు చేసే మెదడు భాగం ఎదగడానికి ఇంకా ఏళ్లు పడుతుంది, చెప్పుకుందామంటే మాటలు చాలవు. ఏడాది దగ్గరపడినప్పటి నుంచీ ఈ వయసు పిల్లలు భయపడాలో వద్దో పెద్దవాళ్ల మొహం చూసే తేల్చుకుంటారు. మీ మొహం ఒకటి, అత్తయ్య మొహం ఒకటి చెబుతుంటే వాడు దేన్ని నమ్మాలి?

తల తగిలే వస్తువులు తీసేసి, పక్కనే నేల మీద కూర్చోండి. ‘బిస్కెట్ ఇవ్వలేదని కోపం వచ్చింది’ అని ఒక్క మాట చాలు, ఉపన్యాసం వద్దు. చేతులు చాపితే ఎత్తుకోండి. అడిగిన వస్తువు మాత్రం ఇవ్వకండి. ఆకలి, నిద్ర కూడా చూసుకోండి. ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. సగం ఏడుపులు అక్కడే తగ్గుతాయి.

ఫోన్ ఏడుపు ఆపుతుంది, ఊరడిల్లడం నేర్పదు. మానేసిన మొదటి రోజుల్లో ఏడుపు పెరుగుతుంది, ఇన్నాళ్లూ ఏడిస్తేనే అది దొరికింది మరి. మూడో రోజు ఎవరైనా జాలిపడి ఇచ్చారా, ఇంకాసేపు ఏడవాలన్నమాట అని నేర్చుకుంటాడు. అందుకే ఇంట్లో ముగ్గురిదీ ఒకే మాట కావాలి.

ఆ మాట అత్తయ్యకి చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు. రోజూ మాటలు పడి ఊరుకోవడం మర్యాద అని నేననను. బాబు నిద్రపోయాక మీ ఆయన్ని కూర్చోబెట్టి, వాళ్లమ్మతో ఆయన్నే చెప్పమనండి: ‘ఫోన్ వద్దమ్మా, నీ ఒడి చాలు.’ ఆవిడ్ని పక్కన పెట్టొద్దు, ఎత్తుకుని వీపు నిమరడం ఆవిడకి వచ్చినంతగా మీకు రాదు. మీ ఆయన ‘నన్ను మధ్యలోకి లాగకు’ అంటారా, రెండు వారాల పాటు ఆయన ఇంట్లో ఉన్నప్పుడు బాబు ఏడిస్తే చూసుకునే పని ఆయనకే అప్పగించండి.