పసిబిడ్డ మడమ రక్తాన్ని కాగితంపై ఎందుకు ఆరబెడతారు?

బెంగళూరులో పుట్టిన తమ మేనకోడలికి మూడో రోజున మడమ మీద గుచ్చి, సీసాలోకి కాకుండా కాగితం మీదికి రక్తం తీశారనీ, అది సరైన పరీక్షేనా అనీ ఒకరు అడిగారు. సరైనదే. 1960ల తొలినాళ్లలో అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే వైద్య శాస్త్రవేత్త, ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యులోపాన్ని పసికందుల్లో ముందుగా పట్టుకోవడానికి వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. నేడు పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికీ, హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డల పరీక్షకూ వాడుతున్నారు.

అది మామూలు కాగితం కాదు, నూలు పీచుతో చేసిన వడపోత కాగితం. అచ్చువేసిన వలయం నిండేలా ఒక్క పెద్ద చుక్క పడి, వెనకవైపు వరకూ ఇంకాలి. చుక్క మీద చుక్క వేస్తే లెక్క తప్పుతుంది. కాగితాన్ని ఎండ తగలకుండా కనీసం 3 గంటలు బల్లపరుపుగా ఉంచి ఆరనిచ్చి, తేమ పీల్చే పొట్లంతో కలిపి కవరులో పెడితే, ఐస్ పెట్టె అవసరం లేకుండా టపాలోనే వెళ్తుంది. ల్యాబ్‌లో దాని నుంచి సుమారు 3 మిల్లీమీటర్ల బిళ్ళను కత్తిరించి ద్రావణంలో నానబెడతారు. అందులో ఉండేది దాదాపు 3 మైక్రోలీటర్ల రక్తమే.

చిక్కల్లా రక్తపు చిక్కదనంతోనే. ఎర్రకణాలు ఎక్కువైతే చుక్క తక్కువగా పరుచుకుని, అదే కొలత బిళ్ళలో ఎక్కువ రక్తం చేరుతుంది. ఇది రోగం ఉండొచ్చేమో చూసే తొలి పరీక్షే (స్క్రీనింగ్) కనుక, తేడా కనిపిస్తే సాధారణంగా సిర నుంచి రక్తం తీసి మళ్లీ నిర్ధారించుకుంటారు.