పాత మ్యాపు, కొత్త అనుమానం

ప్రశ్న: అమెరికాలోని ఫార్గోలో మా అబ్బాయి పాత సామాన్లలో ‘డకోటా టెరిటరీ’ (రాష్ట్రాలు కాకముందటి డకోటా ప్రాంతం) రైల్వే మ్యాపు కొన్నాడు. సంవత్సరం వేయలేదు. అసలుదేనా అండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు భూతద్దం పెట్టి చూడమనండమ్మా. రంగుల్లో సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తే చాలావరకు ఈమధ్య వేసిన నకలే. నేనూ ఒకసారి అలాగే మోసపోయాను, పైగా ఫ్రేము కట్టించాను! చుక్కలు లేకపోతే రాజధాని గుర్తు వెతకండి. 1883 దాకా యాంక్టన్, తర్వాత బిస్మార్క్. ఆ బిస్మార్క్ కూడా 1873 వరకు ఎడ్విన్‌టనే. జర్మన్ పెట్టుబడుల ఆశతో నార్తర్న్ పసిఫిక్ రైల్వేవాళ్లు జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు పెట్టారు. 1889 నవంబరు 2న డకోటా రెండు రాష్ట్రాలైంది. మ్యాపులో మధ్య సరిహద్దు గీత లేకుండా ఒక్కటే డకోటాగా ఉంటే అంతకుముందుదన్నమాట. లామినేషన్ మాత్రం చేయించొద్దనండి.