ఇంట్లో ఒకరికి పాజిటివ్, మిగతావాళ్ళ సంగతేంటి?

ప్రశ్న: మా ఆయనకి కరోనా వచ్చింది, వేరే గదిలో ఉంటున్నారు. మా అత్తగారేమో గిన్నెలు, తలుపు గడియలు రోజంతా శానిటైజర్‌తో తుడుస్తూనే ఉన్నారు, కిటికీలు మాత్రం చలిగాలని మూసేస్తున్నారు. ఎలా చెప్పాలండీ?

జవాబు: ముందు ఆ కిటికీలు తీయించండమ్మా. ఈ వైరస్ ఎక్కువగా గాలిలోంచే, అంటే మాట్లాడినా దగ్గినా బయటికొచ్చి గాలిలో తేలే సన్నని తుంపర్లతోనే అంటుకుంటుంది, వస్తువుల మీంచి రావడం బాగా తక్కువ. గిన్నెలకి మామూలు సబ్బు చాలు, వైరస్ పైనుండే కొవ్వు పొరని అదే విరగ్గొట్టేస్తుంది, చేతులు మాత్రం 20 సెకన్లు రుద్దాలి, ఊరికే తడిపేసుకుని వచ్చేస్తే లాభం లేదు. భోజనం గుమ్మం దగ్గర పెట్టేటప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోండి, ముక్కు కిందకి జారిన మాస్కు ఉన్నా లేనట్టే. మీ ఆయనకి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలి దగ్గర చూసే చిన్న పరికరం) పెట్టేముందు వేలు చల్లగా లేకుండా చూసుకోండి, లేకపోతే రీడింగ్ తప్పొస్తుంది. ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా, ఆయాసమొచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేసేయండి.

అత్తగారితో మాత్రం వాదన పెట్టుకోకండి, భయంతో చేస్తున్న పని అది, తుడవడం మానేయమనే బదులు కొడుకుతో వీడియో కాల్ కలిపివ్వండి, మొహం కనపడితే కంగారు సగం తగ్గుతుంది. అన్నట్టు ఆవిడ వ్యాక్సిన్ వేయించుకున్నారో లేదో రాయలేదు మీరు, లేకపోతే డాక్టర్‌ని అదీ అడగండి.