బర్రె మూత్రానికి లిట్మస్ ఎర్రబడితే కిడ్నీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది ఇబ్రహీంపట్నం దగ్గర. ఆరు ముర్రా బర్రెలున్నాయి. తెల్లారి కొట్టం తలుపు తీస్తే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతున్నాయి. నిన్న ఫంక్షన్ హాల్‌లో మిగిలిన అన్నం తెచ్చి వేస్తే, ఎక్కువ తిన్న బర్రె ఇవాళ మేత ముట్టలేదు. మా అబ్బాయి స్కూల్ నుంచి తెచ్చిన లిట్మస్ కాగితం దాని మూత్రంలో ఎర్రబడింది. మిగతావాటికి నీలం రంగే వచ్చింది. కిడ్నీలు పోయాయని పక్కింటాయన అంటున్నాడు. మా కుక్క మూత్రానికీ ఎర్రబడింది. దానికీ జబ్బేనా?
– ఒక పాడి రైతు

జవాబు: ముందు ఆ బర్రెను పశువైద్యుడికి చూపించండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. నెమరు ఆగినా, పేడ పలచబడి పులిసిన వాసన వచ్చినా, పడుకుని లేవకపోయినా గంట కూడా ఆగొద్దు. అన్నం, దాణా పూర్తిగా ఆపి ఎండుగడ్డి మాత్రం ముందుంచండి.

కిడ్నీ గురించి అంత టెన్షన్ వద్దు. అన్నం పొట్టలో పులిసి లాక్టిక్ ఆమ్లం తయారైంది, అది రక్తంలోకి ఎక్కింది. అప్పుడు కిడ్నీ కణాలు రక్తంలోని గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొడతాయి. ఒక్కో గ్లుటమిన్ నుంచి రెండు అమ్మోనియాలు వస్తాయి. అవి ఆమ్లాన్ని పట్టుకుని మూత్రంలో పోతాయి, సోడా లాంటి బైకార్బొనేట్ తిరిగి రక్తంలో చేరుతుంది. లిట్మస్ ఆమ్లానికి ఎర్రబడుతుంది, క్షారానికి నీలమవుతుంది. అంటే కాగితం ఎర్రబడిందంటే కిడ్నీ తన పని తాను చేస్తోందన్నమాట.

గడ్డి తినే బర్రెకు మామూలు రోజుల్లో ఈ పని పెద్దగా ఉండదు. పచ్చిమేతలోని పొటాషియం లవణాల వల్ల దాని మూత్రం క్షారంగా, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. మాంసం తినే కుక్కకు రోజూ ఆమ్లమే, కాబట్టి ఎర్ర కాగితం దానికి మామూలే. గ్లుటమినే ఈ అమ్మోనియాకు మూలమని 1943లో వాన్ స్లైక్ అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది కూడా కుక్కల మీదే. ఆమ్లం పెరిగితే ఎలుక కిడ్నీలో గ్లుటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమే బాగా పెరుగుతుంది. కుక్కలో ఎంజైము పెద్దగా పెరగదు, కిడ్నీ రక్తం నుంచి గ్లుటమిన్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. కుందేలు ఈ విషయంలో వెనకబాటే, అమ్మోనియాను అంతగా పెంచుకోలేదు.

కొట్టంలో ఘాటుకు దీనికి సంబంధం లేదు. అది మూత్రంలోని యూరియాది. యూరియా తయారయ్యేది కాలేయంలో. పేడలోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. రాత్రి మూత్రం నిలవకుండా నేలకు వాలు పెట్టి కాలువ తీయండి, గాలి ఆడనివ్వండి. దాణాలో నూనెగింజల చెక్క మరీ ఎక్కువైనా ఘాటు పెరుగుతుంది.

మళ్లీ పరీక్ష చేస్తే నేల మీది మూత్రం తీసుకోకండి, అందులో యూరియా అమ్మోనియాగా మారి ఉంటుంది కాబట్టి ఎలాగూ నీలమే చూపిస్తుంది. తోక పక్కకు పట్టి, మానం కింద చేత్తో మెల్లగా నిమిరితే బర్రె మూత్రం పోస్తుంది. ధార మధ్యలో కాగితం పెట్టండి.
– పశువైద్య శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్