డిలీట్ ఎప్పుడు జరిగిందో వాల్‌నే అడుగు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. మధ్యాహ్నం ఎవరో ఆర్డర్ల టేబుల్ మీద వేర్ కండిషన్ లేకుండా డిలీట్ కొట్టేశారని, ఎవరూ ఒప్పుకోవడం లేదని, ఏ క్షణం దాకా రికవర్ చెయ్యాలో తేలక మేనేజర్ నీ ప్రాణం తీస్తున్నాడని రాశావు. టెన్షన్ పడకు. కొట్టులో బేరం ముందు చిట్టాకెక్కి, తర్వాత ఖాతా పుస్తకంలోకి వెళ్లినట్టు, మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి మార్పునూ డేటా ఫైళ్ల కంటే ముందు వాల్ (రైట్-అహెడ్ లాగ్) అనే చిట్టాలో రాసుకుంటుంది. ఆ రాతను మనం చదవగలిగేలా చూపించే కమాండ్ పీజీ_వాల్‌డంప్. 9.3 వెర్షన్‌లో వచ్చినప్పుడు దాని పేరు పీజీ_ఎక్స్‌లాగ్‌డంప్. 2017లో 10 వెర్షన్‌తో ఇప్పటి పేరు పెట్టారు. మీ ఆఫీసు పాత నోట్సులో ఆ పేరు కనిపిస్తే అదీ ఇదీ ఒకటే.

కమాండ్ కొట్టే ముందు ఫైళ్లు కాపీ చేసుకో. చెక్‌పాయింట్ (మార్పులన్నీ డేటా ఫైళ్లలోకి ఎక్కించే పని) అయ్యాక అవసరం తీరిన వాల్ ఫైళ్లను పోస్ట్‌గ్రెస్ ఉంచదు. కొన్నింటిని తీసేస్తుంది, కొన్నింటికి రాబోయే నంబర్ల పేర్లు పెట్టి మళ్లీ వాడుకుంటుంది. పీజీ_వాల్ డైరెక్టరీలో ఇంకా రాయని నంబర్లతో ఫైళ్లు కనిపించేది అందుకే. వాటి లోపల ఉండేది పాత సరుకు. ఆర్కైవింగ్ (వాల్ ఫైళ్లను వేరేచోట దాచడం) ఉంటే ఆర్కైవ్ నుంచి, లేకపోతే పీజీ_వాల్ నుంచే, ఆ మధ్యాహ్నం ఫైళ్లన్నీ వేరే డైరెక్టరీలోకి కాపీ చేసి అక్కడ చదువు. ఆర్కైవ్‌లో జీజిప్ చేసి ఉంటే ముందు విప్పాలి. డిస్క్ నిండుతోంది కదా అని ఎవరైనా పీజీ_వాల్‌లో ఫైళ్లు తుడిచెయ్యబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపు. వాల్‌డంప్ చదవడమే తప్ప దేన్నీ మార్చదు, దానితో భయం లేదు. వాల్‌ని చెరిపి కొత్తగా మొదలెట్టే పీజీ_రీసెట్‌వాల్ జోలికి మాత్రం వెళ్లకు.

ఇంకో మాట, సర్వర్ ఏ మేజర్ వెర్షనో ఆ వెర్షన్ వాల్‌డంప్‌నే వాడు. ఒకే మెషీన్‌లో రెండు వెర్షన్లు ఉన్నచోట పాత్‌లో ముందున్నది పలుకుతుంది, ఫైలు పాడైందేమో అనిపించే ఎర్రర్ ఇస్తుంది.

ఇక ఏ ఫైలు చూడాలి? డిఫాల్ట్‌గా ఒక్కో ఫైలు 16 ఎంబీ, పేరులో 24 హెక్స్ అంకెలు. మొదటి ఎనిమిదీ టైమ్‌లైన్ (ఇలాంటి రికవరీ అయినప్పుడల్లా పెరిగే నంబరు). మిగతావి ఎల్‌ఎస్‌ఎన్‌తో, అంటే వాల్‌లో ఒక రాత ఎక్కడుందో చెప్పే నంబరుతో, సరిపోతాయి. 2/59004160 అనే ఎల్‌ఎస్‌ఎన్ మొదటి టైమ్‌లైన్‌లో అయితే 000000010000000200000059 ఫైల్లో ఉంటుంది. నీకింకా ఎల్‌ఎస్‌ఎన్ తెలీదు కాబట్టి ఫైళ్ల టైమ్ చూసి అటూ ఇటూ కొన్ని ఎంచుకో. మొదటి ఫైలు పేరు, చివరి ఫైలు పేరు ఇచ్చి, రాతల రకాన్ని ఎంచే ఆప్షన్ --ఆర్‌ఎమ్‌జీఆర్=ట్రాన్సాక్షన్ అని పెడితే ముఖ్యంగా కమిట్ (ఖాయమైన), అబార్ట్ (రద్దయిన) లైన్లు వస్తాయి. ప్రతి కమిట్ పక్కనా టైమ్ ఉంటుంది. ఆ టైమ్ నువ్వు కమాండ్ కొట్టిన మెషీన్ టైమ్‌జోన్‌లో వస్తుంది, సర్వర్ యూటీసీలో ఉంటే మనవాళ్లు చెప్పిన 2:40 అక్కడ 9:10. ఈ అయిదున్నర గంటల తేడా మర్చిపోయి తప్పు ఫైళ్లు తవ్వేవాళ్లు హైదరాబాద్ ఆఫీసుల్లో కోకొల్లలు.

టైమ్ కొంచెం బిగిశాక --ఆర్‌ఎమ్‌జీఆర్=హీప్ (టేబుల్ రోల మార్పులు) పెట్టి, వచ్చినదాంట్లో డిలీట్ అనే మాటను గ్రెప్‌తో వెతుకు. లైన్ ఇలా ఉంటుంది:

ఆర్‌ఎమ్‌జీఆర్: హీప్, లెన్ (రెక్/టాట్): 54/54, టీఎక్స్: 48213, ఎల్‌ఎస్‌ఎన్: 2/59004160, ప్రీవ్: 2/59004128, డెస్క్: డిలీట్ ... ఆఫ్: 3 ... రెల్ 1663/16384/24590 బ్లాక్ 7

48213 ట్రాన్సాక్షన్ నంబరు. 1663 డిఫాల్ట్ టేబుల్‌స్పేస్, 16384 డేటాబేస్ ఓఐడీ (లోపలి గుర్తింపు నంబరు), 24590 టేబుల్ ఫైల్‌నోడ్ (డిస్క్ మీద దాని ఫైలు నంబరు). ఏడో బ్లాక్‌లో మూడో రో పోయిందన్నమాట. ఆ డేటాబేస్‌లో పీజీ_ఫైల్‌నోడ్_రిలేషన్ ఫంక్షన్‌కి 0, 24590 ఇస్తే టేబుల్ పేరు చెబుతుంది. మామూలు అప్లికేషన్ డిలీట్లు ఒకటీ అరా, రకరకాల ట్రాన్సాక్షన్ నంబర్లతో చెదురుమదురుగా ఉంటాయి. ఇక్కడ ఒకే నంబరుతో లైన్ల మీద లైన్లు, రో నంబర్లు 1, 2, 3 అని, అవి అయిపోగానే తర్వాతి బ్లాక్ అని వరసగా దిగుతుంటే నీ దొంగ దొరికినట్టే. మధ్యమధ్య లెన్ 54 బదులు వేలల్లో కనిపిస్తే కంగారు పడకు. చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి ముట్టుకుంటే మొత్తం పేజీ బొమ్మను వాల్‌లో పెడుతుంది.

ఒకవేళ డిలీట్ లైన్లే కనిపించకపోతే ట్రంకేట్ (టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేసే కమాండ్) కొట్టారేమో అనుమానించు. దానికి రో వారీ లైన్లు ఉండవు. స్టోరేజ్ కింద ఒక క్రియేట్, తర్వాత కమిట్ లైన్‌లో రెల్స్ అని పాత ఫైలు పేరు కనిపిస్తాయి. టేబుల్‌కి కొత్త ఫైల్‌నోడ్ వచ్చేసి ఉంటుంది కాబట్టి పాత నంబరుతో పేరు అడిగితే ఖాళీగా వస్తుంది.

నంబరు దొరికాక --ఎక్స్‌ఐడీ=48213 పెట్టి చివరికి వెళ్లు. అక్కడ కమిట్ ఉందా, అబార్ట్ ఉందా చూడు. అబార్ట్ అయితే ఆ డిలీట్ జరగనట్టే, వెతుకులాట మళ్లీ మొదలు. రెండూ లేకపోతే అది సబ్‌ట్రాన్సాక్షన్ (పెద్ద ట్రాన్సాక్షన్ లోపలి చిన్నది) అయ్యుండొచ్చు. సేవ్‌పాయింట్లు వాడే కోడ్‌లో, ఎక్సెప్షన్ బ్లాక్ ఉన్న పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ ఫంక్షన్లలో లోపలి పనికి వేరే నంబరు పడుతుంది. అప్పుడు ట్రాన్సాక్షన్ లైన్లలో సబ్‌ఎక్సాక్ట్స్ అనేచోట 48213 ఎవరి కమిట్‌లో ఉందో వెతుకు. రికవరీకి కావలసింది ఆ పై నంబరే. లోపలిది ఇస్తే రికవరీ అక్కడ ఆగదు.

ఆ డిలీట్ కంటే ముందు తీసిన బేస్ బ్యాకప్ (డేటా ఫైళ్ల పూర్తి కాపీ), అప్పటి నుంచి తెగకుండా వాల్ ఫైళ్లు ఉంటే వేరే మెషీన్‌లో రికవర్ చెయ్యి. రికవరీ_టార్గెట్_ఎక్స్‌ఐడీకి ఆ నంబరు, రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూజివ్‌కి ఆఫ్, అంటే ఆ కమిట్‌కి ముందే ఆగాలని. టైమ్ ఇవ్వమని చాలామంది చెబుతారు కానీ నాకది నచ్చదు. బిజీ సర్వర్‌లో ఒకే సెకనులో ఎన్నో కమిట్లు పడతాయి, నంబరైతే తిరకాసు ఉండదు.

వాల్‌డంప్ చెప్పలేనివీ ఉన్నాయి. ఎస్‌క్యూఎల్ వాక్యం అందులో ఉండదు. ఏ యూజర్ చేశాడో ఉండదు. పోయిన రో లోపలి విలువలు కూడా ఆ డిలీట్ లైన్‌లో ఉండవు. కాబట్టి ‘ఎవరు చేశారో వాల్‌లో చూసి చెప్పు’ అని మేనేజర్ అడిగితే కుదరదని చెప్పెయ్యి. ఆ సంగతి సర్వర్ లాగ్‌లో, అదీ ముందే స్టేట్‌మెంట్లు లాగ్ చేసేలా పెట్టుకుని ఉంటేనే దొరుకుతుంది.

రన్ అవుతున్న సర్వర్ వాల్‌ని చదివితే చివర్లో ‘ఇన్వాలిడ్ రికార్డ్ లెంగ్త్’ అని ఎర్రర్ వస్తుంది. రాసింది అక్కడితో అయిపోయిందని దానర్థం, కరప్షన్ కాదు. క్లౌడ్ సర్వీసుల్లో షెల్ ఇవ్వరు కదా, అక్కడ వెర్షన్ 15 నుంచి వచ్చిన పీజీ_వాల్‌ఇన్‌స్పెక్ట్ ఎక్స్‌టెన్షన్‌తో ఇవే సంగతులు ఎస్‌క్యూఎల్‌లో అడగొచ్చు, ఆ సర్వీసువాళ్లు దాన్ని అనుమతిస్తే. వాల్ ఎందుకింత పెరుగుతోందని ఇంకోరోజు తల పట్టుకుంటే --స్టాట్స్ వాడి చూడు. ఎఫ్‌పీఐ (పైన చెప్పిన మొత్తం పేజీ బొమ్మలు) వాటా ఎక్కువుంటే చెక్‌పాయింట్లు మరీ దగ్గర దగ్గరగా పడుతున్నాయేమో చూడాలి. ఇప్పుడు దాని గొడవ వద్దు.

నంబరు దొరికాక ఆ కమిట్ లైన్‌నీ, దానికి ముందున్న కమిట్ లైన్‌నీ నాకు పంపు. నేనూ ఒకసారి చూస్తాను, తర్వాత రికవరీ మొదలుపెడుదువుగాని. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. ముందు కాస్త అన్నం తిను.

మీ పెదనాన్న