ప్లానెట్ జూ సీక్వెల్ వస్తే నాకు కావాల్సింది మూషిక జింక, దాంతోపాటు అడవి

ప్లానెట్ జూ అంటే కంప్యూటర్ల మనమే జూ కట్టి నడిపే గేమ్. దాంట్ల ఇంకా ఏ జంతువులు రావాలె, సీక్వెల్ వస్తే ఏం మారాలె, అప్పటిదాక ఆగాల్నా లేకపోతే గేమ్‌కు అదనంగ కొత్త జంతువులు ఇచ్చే ప్యాక్‌లు ఇప్పుడే కొనాల్నా అని అడిగిండ్రు కదా. మాది అచ్చంపేట, అంటే నల్లమల అంచు. డిగ్రీల ఉన్నప్పుడు ఈ గేమ్ మొదలుపెట్టిన, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంట కూడా ఆడుతున్న, అందుకే నా జవాబు మొత్తం ఈ అడవి పక్క నుంచే వస్తది. జర పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

నా లిస్టుల అన్నిటికన్నా ముందు మూషిక జింక. చానామంది దీని పేరు కూడా విని ఉండరు. మన దేశంల ఉండే గిట్టల జంతువులల్ల అన్నిటికన్నా చిన్నది ఇదే, బరువు సుమారు 3 కిలోలు, నిలబడితే మన మోకాలి దాక కూడా రాదు. పేరుకు జింక అంటరు గాని ఇది జింకల కుటుంబం కాదు, కొమ్ములు మొలవయి, మగదానికి పైదవడ నుంచి చిన్న కోరలు కిందికి దిగుతయి, ఒంటి మీద తెల్లచుక్కలు వరుసగా గీతల లెక్క ఉంటయి, కడుపు కూడా ఆవుకు మేకకు ఉన్నట్టు నాలుగు గదులు ఉండదు, మూడే. పగలంతా చెట్టు తొర్రలల్ల, రాళ్ల సందులల్ల దాక్కొని పండుకుంటది, రాత్రి బయటికొచ్చి రాలిన పండ్లు ఏరుకొని తింటది. అడవి పక్కన పుట్టి పెరిగినోళ్లు కూడా దీన్ని చూసింది తక్కువ.

ఇంత చిన్నదాన్ని ఎందుకు పట్టుకున్నవ్ అంటే, హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుల 2010ల జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించిపోయే జంతువుల మీద పనిచేసే లాకోన్స్ ల్యాబ్, సెంట్రల్ జూ అథారిటీ తోటి కలిసి దీన్ని పెంచే పని మొదలుపెట్టిండ్రు. మొదలుపెట్టినప్పుడు ఉన్నయి 6 మాత్రమే. కొన్నేండ్లల్ల అవి 200 దాటినయి, 2017ల కొన్నిటిని తెచ్చి మా అమ్రాబాద్ టైగర్ రిజర్వుల వదిలిండ్రు. బోను తలుపు తీసి పో అని తోలుడు కాదు, ముందు అడవిలనే చిరుతలు అవీ రాకుంట కంచె కట్టి, ఆ కంచెల ఉంచి అక్కడి ఆకు, అక్కడి పండు, అక్కడి చప్పుళ్లు అలవాటైనంకనే. జూల పుట్టింది మళ్ల అడవికి పోయిన కథ మా పక్కనే జరిగింది, నేను ఆ సంగతి తెలుసుకున్నప్పుడు ఈ గేమ్ ఆడుతనే ఉన్న, అప్పటి నుంచి గేమ్‌ల ఆ పని చూసే తీరే మారిపోయింది నాకు.

గేమ్‌ల అదే పని ఎట్ల జరుగుతదో ఆడినోళ్లకు ఎరుకే. పిల్ల పుడతది, పెద్దగైతది, సైజు, ఆయుష్షు, సంతానం, రోగనిరోధక శక్తి ఈ నాలుగు బార్లు చూస్తం, మంచిగుంటే రిలీజ్ టు వైల్డ్ (అడవికి వదులుడు) బటన్ నొక్కుతం, జంతువులు కొనుక్కునే గేమ్ పైసలు, కన్జర్వేషన్ క్రెడిట్లు పడతయి, జంతువు స్క్రీన్ మీద నుంచి మాయం. అది ఎటు పోయింది, బతికిందా, పిల్లలు పెట్టిందా, ఏదీ తెల్వదు. జంతువును పెంచే భాగం మాత్రం మస్తు చేసిండ్రు, దాని గురించి నాకు ఒక్క మాట కూడా అనాలని లేదు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని కలిపితే పిల్లలు బలహీనంగ పుట్టుడు, ఏ మగదాన్ని ఏ ఆడదానితోటి పెట్టాలె అని గంటలు గంటలు చూసుకుంట కూసునుడు, ఇవన్నీ ఆడినోళ్లకే 6 జంతువుల నుంచి 200 చేసుడు ఎంత కష్టమో అర్థమైతది. కానీ ఆ కష్టం అంతా ఒక్క బటన్ దగ్గర ఆగిపోతది. సీక్వెల్‌ల నాకు కావాల్సింది ఆ బటన్ అవతల ఏమున్నదో చూపించుడు.

అంటే జూ మ్యాప్ పక్కనే ఇంకో మ్యాప్, అడవి మ్యాప్ ఉండాలె. మనం పంపిన జంతువు మొదలు కంచెల ఉండాలె, అక్కడ సొంతంగ మేత దొరికించుకుంటుందా లేదా చూడాలె, తర్వాత కంచె తీయాలె, ఆ తర్వాత మనకు దాన్ని పట్టుకొని చూసే కెమెరా ఉండొద్దు, జంతువు ముందట నుంచి పోతే దానంతటదే ఫొటో తీసే ట్రాప్ కెమెరాల ఫొటోలు మాత్రమే రావాలె. ఒక్కోసారి నెల రోజులు ఏ ఫొటో రావొద్దు, ఒకనాడు అదే జింక పిల్లతోటి కనపడాలె. మా ఇంటికి దగ్గర్ల ఒక చెంచు అన్న ఉంటడు, అడవిల ప్రొటెక్షన్ వాచర్‌గ చేస్తడు, ఎండాకాలం సాసర్ పిట్ల సంగతి ఆయన చెప్తుంటే వినాలె. వాగులన్నీ ఎండిపోయినంక సిమెంటు తోటి గుండ్రంగ, పళ్లెం లెక్క లోతు తక్కువగ కడతరు, అంచు నేలకు సమానంగ ఉంటది, చిన్న జంతువులు కూడా లోపల పడిపోకుంట తాగాలని. ట్యాంకర్‌తోటి నింపుతరు, కొన్ని చోట్ల సోలార్ బోర్లు ఉన్నయి. మాపటికి మొదలు నెమళ్లు వస్తయంట, వాటెనక దుప్పులు, చీకటి పడ్డంక సాంబర్లు, ఎలుగుబంటి ఇంకా ఆలస్యంగ, వచ్చేటప్పుడు పసిగట్టుకుంట ఆగి ఆగి వస్తదట. పొద్దుగాల పోయి ఆ తడిమట్టి మీద అడుగులు చూసి రాత్రి ఎవరెవరు వచ్చిండ్రో ఆయన చెప్పేస్తడు. ఇది గేమ్‌ల పెడితే ఎంత బాగుంటదో ఆలోచించుండ్రి, ఇప్పుడు పైపు నీళ్లు, వాటర్ ట్రీట్‌మెంట్ అన్నీ జూ లోపల పెడుతున్నం కదా, అదే పని అడవిల, తక్కువ డబ్బుతోటి, ఎండకు ముందే ప్లాన్ చేసుకొని చేయాలె.

ఇంకొకటి, మూషిక జింక లాంటిది గేమ్‌లకు వస్తే ఇప్పటి లెక్క ప్రకారం దండగ జంతువు అయిపోతది. ఎందుకంటే జంతువు చూసి గెస్టులు ఎంత ఖుషీ అయితే అంత డొనేషన్, పులి పెడితే జనం గుమిగూడతరు, రాత్రి తిరిగే మూడు కిలోల జంతువు ముందు ఎవరు నిలబడతరు. అందుకే చానామంది ఎప్పుడూ పెద్ద జంతువులే అడుగుతరు, నేను వాళ్లను తప్పు పట్టను, ఆట అట్ల ఆడాల్సి వస్తది. కానీ నిజమైన జూ పార్కులల్ల గెస్టుల కంటికి కనపడని బ్రీడింగ్ సెంటర్లు ఉంటయి, జనం తక్కువ ఉంటేనే అక్కడి పని బాగైతది. సీక్వెల్‌ల ఆ సెంటర్లకు వేరే రాబడి పెట్టాలె, గవర్నమెంట్ గ్రాంటో, రీసెర్చ్ ఫండో, వేరే జూలతోటి జంతువుల మార్పిడో, ఏదైనా సరే. అప్పుడు ఆడేటోళ్లు చిన్నవాటిని కూడా పట్టించుకుంటరు. అలుగు కూడా అట్లనే. పెంకులు కప్పుకొని ఉండలెక్క చుట్టుకునే ఈ జంతువును ఆ పెంకుల కోసమే దొంగతనంగ పట్టి అమ్ముతున్నరు, చీమలు చెదలు తప్ప వేరేది తినదు, జూల బతికించుడే పెద్ద సవాలు. ఆ కష్టం గేమ్‌ల ఉంటే ఎవరికైనా దాని విలువ తెలుస్తది.

సీజన్ల గురించి కూడా చెప్పాలె. మాది ఆకురాలే అడవి. ఏప్రిల్‌ల మన్ననూరు చెక్‌పోస్టు దాటి పోతే చెట్లన్నీ మోడు, నేల నిండ ఎండుటాకు, చాలా దూరం దాక లోపలికి కనపడతది. ఆగస్టుల అదే చోట పది అడుగుల అవతల ఏమున్నదో కనపడదు. జంతువు దాక్కునే చోటు, తాగే చోటు, తిరిగే దారి అన్నీ దీన్ని బట్టే మారతయి. ఇప్పుడు గేమ్‌ల మొక్కల కవరేజి ఇంత శాతం అని ఒకసారి సెట్ చేస్తే ఇగ అయిపోయినట్టే. సీక్వెల్‌ల చెట్టు ఆకు రాల్చాలె, రాల్చినప్పుడు జంతువుకు నీడ మనం వేరేగ చూసుకోవాలె. చెట్ల లిస్టుల మద్ది, ఇప్ప, తునికి, జమ్మి పెడితే ఇగ నేను ఏమీ అడగను. కింద మట్టి ఎర్రగ ఉండాలె, మధ్యమధ్యల గుండ్రటి బండరాళ్లు ఒకదాని మీద ఒకటి, మహబూబ్‌నగర్, నల్గొండ దిక్కు ఏ ఊరి బయటికి పోయినా కనపడేటివి.

కృష్ణ జింక విషయానికొస్తే మా అమ్మగారి ఊరు మాగనూరు దిక్కు, కృష్ణ ఒడ్డు. అక్కడ కృష్ణ జింకలు మందలు మందలుగ చేన్లల్లకు వస్తయి. చూస్తే కండ్లు తిప్పుకోలేం, మగది నల్లగ, పొట్ట కింద తెల్లగ, మెలికల కొమ్ములు వెనక్కి వాల్చి మూతి పైకెత్తి నడుస్తది, భయపడితే ముందు ఒకటి గాల్లకు ఎగురుతది, దాని వెనక మంద అంతా వరుసగ ఎగురుకుంట పోతది. కానీ మా మామ చేన్ల కంది, పత్తి మొలకలు లేస్తుంటే ఒక్క రాత్రిల కొరికి పోతయి, చేను చుట్టూ పాత చీరలు కట్టిండు, మంచె మీద కావలి ఉంటడు, అవి చట్టం కాపాడే జంతువులు కాబట్టి వాటికి దెబ్బ తగలొద్దు, తగలాలని ఆయన కూడా కోరుకోడు. రైతుల గోస, జింక బతుకు రెండూ నిజమే. జింకలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడానికి బోమా పద్ధతి అని ఒకటి ఉన్నది, ఆఫ్రికాల మొదలైంది, గరాటు ఆకారంల అడ్డుతెరలు కట్టి, మందను మెల్లగ చివరికి తెచ్చి లారీల ఎక్కించుడు, మత్తు ఇంజెక్షన్లు లేకుంట. గేమ్‌ల ఇట్లాంటిది ఒక ఎక్స్‌పాన్షన్ లెక్క రావాలె. ఒక ఊరు, కొన్ని చేన్లు, ఒక మంద, మనం రైతుకు నష్టం కాకుంట మందను తరలించాలె. జంతువుల మార్కెట్ల కొనుడు కంటే ఇట్ల వచ్చిన జంతువు మీద ఎక్కువ ప్రేమ కలుగుతది.

పక్షులు ఎగరాలె. 2019 బేస్ గేమ్‌ల, అంటే ప్యాక్‌లు లేని అసలు గేమ్‌ల, నెమలి, ఫ్లెమింగో, ఉష్ట్రపక్షి ఉన్నయి కానీ అన్నీ నడిచేటివే. సీక్వెల్‌ల పెద్ద వలపంజరం కట్టి లోపల చెట్లు పెట్టి పక్షులు తిరుగుతుంటే చూడాలె. నాకైతే పాలపిట్ట కావాలె, తెలంగాణ రాష్ట్రపక్షి అని మాత్రమే కాదు, దసరానాడు దాన్ని చూడాలని మేమందరం జమ్మి దగ్గరికి పోతం కదా, అది కరెంటు తీగ మీద కూసున్నప్పుడు మట్టిరంగుల మామూలుగ ఉంటది, రెక్క ఇప్పితేనే ఆ నీలం కనపడతది. ఎగరని పాలపిట్టను పెడితే సగం పాలపిట్టనే పెట్టినట్టు. రాబందులు కూడా ఇందులనే రావాలె. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల కడుపుల పడి గుంపులు గుంపులుగ చచ్చిపోయినయి, 2006ల మన దేశంల పశువులకు ఆ మందు ఆపిండ్రు. గేమ్‌ల రాబందులను ఎన్ని పెంచి వదిలినా బయట ఆ మందు ఆగకుంటే అవి నిలవయి అని చూపిస్తే, నేను పైన చెప్పిన అడవి మ్యాప్ ఎందుకు కావాలనేది ఇంకా బాగ అర్థమైతది.

డాల్ఫిన్లు అడిగేటోళ్లు మస్తుమంది ఉన్నరు. 2006ల జూ టైకూన్ 2 అనే పాత జూ గేమ్‌కు మెరైన్ మేనియా అనే సముద్ర జంతువుల ప్యాక్ వచ్చినప్పటి నుంచి ఆ ఆశ ఉన్నది. షోలు మాత్రం నాకు వద్దు, మన దేశం 2013లనే డాల్ఫినేరియంలు, అంటే డాల్ఫిన్లను ఉంచి షోలు చేసే కొలనులు వద్దన్నది, అది మంచి పనే. డైనోసార్లు, అంతరించిపోయిన జంతువులు కూడా ఇందుల వద్దు, ప్లానెట్ జూ తీసిన కంపెనీనే డైనోసార్ల గేమ్ జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ వేరేగ తీస్తనే ఉన్నది.

ఇగ కొనాల్నా ఆగాల్నా. ఆగకుండ్రి. ఇదే కంపెనీ తీసిన థీమ్ పార్క్ గేమ్ ప్లానెట్ కోస్టర్ 2016ల వచ్చింది, దాని రెండోది 2024ల వచ్చింది, అంత గ్యాప్. పైగా ఏ సీక్వెల్ వచ్చినా జంతువుల లిస్టు మళ్ల కొత్తగ మొదలైతది, ఇప్పుడున్నన్ని జంతువులు మొదటిరోజే ఉంటయని అనుకోవద్దు. మన అడవి కట్టాలని ఉంటే బేస్ గేమ్‌ల బెంగాల్ టైగర్, ఇండియన్ ఎలిఫెంట్, నెమలి ఉన్నయి, 2021ల వచ్చిన సౌత్ఈస్ట్ ఆసియా ప్యాక్‌ల రేసుకుక్క ఉన్నది, 2023 డిసెంబర్ల వచ్చిన యురేషియా ప్యాక్‌ల మన ఎలుగుబంటి ఉన్నది. ఆ రెండూ యానిమల్ ప్యాక్‌లు, ఒక్కోదాంట్ల 8 జంతువులు, సీనరీ తోటి వచ్చే మామూలు ప్యాక్‌ల కంటే జంతువులు ఎక్కువ. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ల సేల్ పడ్డప్పుడు ఈ రెండు ముందు తీసుకోండ్రి, మిగతావి నిదానంగ. మీ దగ్గర నెట్ మాటిమాటికి పోతుంటే ఫ్రాంచైజ్ మోడ్ల మొదలుపెట్టకుండ్రి, అది ఆన్‌లైన్ కావాలంటది, చాలెంజ్ మోడ్ ఆఫ్‌లైన్ల నడుస్తది. జూ పెద్దగై ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే గ్రాఫిక్స్ తగ్గించే ముందు సెట్టింగ్స్‌ల గెస్టుల సంఖ్య తగ్గించి చూడుండ్రి, నా పాత ల్యాప్‌టాప్‌ల దాంతోటే ఎక్కువ ఫరక్ పడ్డది.